ఇంటి కంప్యూటర్‌కి తేలికపాటి వైరస్ స్కానర్: ఎందుకు? ఎలా?

హాల్ టికెట్ ప్రింటు తీయించాలన్నా, భూభారతి పోర్టల్‌లో భూమి కాగితం కావాలన్నా, సింగరేణి ఉద్యోగానికి దరఖాస్తు నింపాలన్నా ఖమ్మం జిల్లా సత్తుపల్లిలో చాలా ఇళ్లవాళ్లు చేసేది ఒకటే. ఫైలు పెన్‌డ్రైవ్‌లో వేసుకుని జిరాక్స్ సెంటర్‌కి వెళ్తారు. అక్కడి కంప్యూటర్‌కి పొద్దుటి నుంచి రాత్రి దాకా ఎవరెవరివో పెన్‌డ్రైవ్‌లు తగులుతూనే ఉంటాయి. ప్రింటుతో పాటు ఇంకేదో కూడా ఇంటికి వస్తుంది. ఫోల్డర్లన్నీ షార్ట్‌కట్లుగా మారిపోయి కనిపిస్తాయి. పెద్ద యాంటీవైరస్ వేద్దామంటే నాలుగు జీబీ ర్యామ్ ఉన్న పాత మెషిన్ అడుగు తీసి అడుగు వేయదు. అందుకే అవసరమైనప్పుడు పిలిస్తే పని చేసి, మిగతా సమయంలో కంప్యూటర్ జోలికి రాని స్కానర్ ఏదైనా ఉందా అని అడుగుతారు. ఉంది, ఒకటి కాదు, చాలానే ఉన్నాయి. ఎంచుకునే ముందు కొన్ని సంగతులు విడమరచి చెప్పుకోవాలి.

పిలిస్తే వచ్చే స్కానర్‌కీ, మామూలు యాంటీవైరస్‌కీ తేడా ఏమిటి?

మామూలు యాంటీవైరస్ కంప్యూటర్ ఆన్ చేసిన క్షణం నుంచి ఆపేదాకా మెలకువగా ఉంటుంది. మీరు ఏ ఫైలు తెరిచినా, ఏది కాపీ చేసినా విండోస్ ముందు దానికి చూపిస్తుంది. అది సరేనన్నాకే ఫైలు మీ చేతికి వస్తుంది. పిలిస్తే వచ్చే స్కానర్‌కి ఈ కాపలా పని లేదు. మీరు నడిపితే డిస్క్ అంతా వెతుకుతుంది, దొరికింది చెబుతుంది, మూసేస్తే వెళ్లిపోతుంది. మన అడవి సరిహద్దు రోడ్ల మీద ఫారెస్టు చెక్‌పోస్టు రాత్రింబవళ్లు ఉంటుంది, ఫ్లయింగ్ స్క్వాడ్ అప్పుడప్పుడు వస్తుంది. చెక్‌పోస్టు కళ్లు గప్పి దాటిన కలప బండిని పట్టుకోవడం స్క్వాడ్ పని. మన స్కానర్ పని కూడా అదే.

అయితే యాంటీవైరస్ తీసేసి ఈ స్కానర్ ఒక్కటే ఉంచుకోవచ్చా?

వద్దు. బ్రౌజర్‌లో దాచుకున్న పాస్‌వర్డ్‌లు ఎత్తుకుపోయే ప్రోగ్రామ్‌కి తన పని ముగించడానికి కొద్ది క్షణాలు చాలు. ఫైళ్లకు తాళం వేసి డబ్బు అడిగే రాన్సమ్‌వేర్ గంటల్లోనే ఫొటోలన్నిటినీ పనికిరాకుండా చేస్తుంది. ఆదివారం తీరిగ్గా స్కాన్ చేస్తే తెలిసేది దొంగతనం జరిగిందని మాత్రమే.

కాపలాకి కొత్తగా ఏమీ కొననక్కర్లేదు. 2012లో వచ్చిన విండోస్ 8 నుంచి పూర్తిస్థాయి యాంటీవైరస్ విండోస్‌లోనే కలిసి వస్తోంది. దాన్నే ఇప్పుడు మైక్రోసాఫ్ట్ డిఫెండర్ అంటున్నాం. వేరే కంపెనీ యాంటీవైరస్ వేస్తే డిఫెండర్ తనంతట తాను తప్పుకుంటుంది, అది తీసేస్తే తిరిగి వస్తుంది. కాబట్టి ల్యాప్‌టాప్‌తో పాటు వచ్చి, గడువు తీరి, రెన్యువల్ చేయమని పోరు పెడుతున్న ట్రయల్ యాంటీవైరస్ ఉంటే ముందు దాన్ని అన్‌ఇన్‌స్టాల్ చేయండి. కాపలా కాసే వేరే కంపెనీల యాంటీవైరస్‌లు రెండు ఒకేసారి ఉంటే ప్రతి ఫైలునూ ఇద్దరూ ఆపి చూస్తారు, ఒకరి పనిని ఇంకొకరు అనుమానిస్తారు. కంప్యూటర్ కదలకపోవడానికి ఇదే కారణమైన ఇళ్లు తక్కువేమీ లేవు.

తేలిక అంటే దేనిలో తేలిక?

నడుస్తున్నంతసేపు ఏ స్కానర్ కూడా తేలిక కాదు. వైరస్‌ల ఆనవాళ్ల పట్టికను ర్యామ్‌లోకి ఎత్తుకుంటుంది, అదే వందల ఎంబీలు ఉంటుంది. తర్వాత లక్షల ఫైళ్లను ఒక్కొక్కటిగా చదువుతుంది. తిరిగే పళ్లెం ఉన్న పాత హార్డ్ డిస్క్ అక్కడక్కడా చెల్లాచెదురుగా ఉన్న చిన్న ఫైళ్లను సెకనుకు సుమారు వంద సార్లు మాత్రమే అందుకోగలదు. ఎస్ఎస్‌డీ అదే సెకనులో వేల సార్లు అందుకుంటుంది. అందువల్ల పాత డిస్క్ మీద పూర్తి స్కాన్‌కి గంటలు పడితే తప్పు స్కానర్‌ది కాదు. పెద్ద యాంటీవైరస్‌కి ఏటా డబ్బు కట్టే బదులు ఒక చిన్న ఎస్ఎస్‌డీ వేయించుకుంటే కంప్యూటర్ ప్రాణం లేచి వస్తుందని నేను గట్టిగా నమ్ముతాను.

మరి పిలిస్తే వచ్చే స్కానర్‌లో తేలికదనం ఎక్కడుంది? పని అయ్యాక ఏమీ మిగల్చకపోవడంలో ఉంది. ఇది మీరే పరీక్షించవచ్చు. స్కానర్ మూసేశాక టాస్క్ మేనేజర్ తెరవండి. ఆ కంపెనీ పేరుతో ఇంకా ఏదైనా నడుస్తోందా చూడండి. ఇన్‌స్టాల్ చేసుకునే రకం స్కానర్లలో కొన్ని ఉచిత రూపంలో కూడా ఒక సర్వీసును వెనక నడుపుతూనే ఉంటాయి. ఇన్‌స్టాల్ లేకుండా నేరుగా నడిచే రకానికి ఆ బెడద లేదు. నాలుగు జీబీ మెషిన్‌కి ఈ తేడా లెక్కలోకి వస్తుంది.

ఆస్ట్రియాలోని ఏవీ-కంపారిటివ్స్, జర్మనీలోని ఏవీ-టెస్ట్ లాంటి పరీక్షా సంస్థలు ప్రధానంగా కొలిచేది కాపలా కాసే యాంటీవైరస్‌లను. పిలిస్తే వచ్చే స్కానర్లకు అలాంటి క్రమం తప్పని కొలతలు తక్కువ. కాబట్టి ‘అన్నిటికన్నా తేలిక’ అని ఎవరైనా రాస్తే ఆ మాటకు పెద్దగా విలువ ఇవ్వకండి.

మరి ఏది ఎంచుకోవాలి?

మైక్రోసాఫ్ట్ సేఫ్టీ స్కానర్ పేరు ముందుగా వినిపిస్తుంది. ఇన్‌స్టాల్ అక్కర్లేదు. దింపుకున్న పది రోజులకు గడువు తీరిపోతుంది, మళ్లీ కావాలంటే కొత్తది దింపుకోవాలి. ప్రతిసారీ వంద ఎంబీకి పైనే. అయితే అది చూసే ఆనవాళ్ల పట్టిక డిఫెండర్ చూసేదే. డిఫెండర్ బాగా పనిచేస్తున్న ఇంట్లో సేఫ్టీ స్కానర్ నడిపితే ఒకే డాక్టర్‌ని రెండుసార్లు అడిగినట్టే అవుతుంది. డిఫెండర్‌ని వైరస్ పడగొట్టినప్పుడు, తెరుచుకోకుండా చేసినప్పుడు మాత్రం అది అక్కరకొస్తుంది.

రెండో అభిప్రాయం వేరే కంపెనీ నుంచే తీసుకోవాలి. ఈసెట్ ఆన్‌లైన్ స్కానర్ ఉచితం. మొదట దింపుకునే ఫైలు చిన్నదే, నడిపాక పట్టికను నెట్ నుంచి తెచ్చుకుంటుంది. కాబట్టి ఫోన్ హాట్‌స్పాట్ మీద ఉన్నవాళ్లు ఆ డేటా కూడా లెక్కలో పెట్టుకోవాలి. ఎమ్సీసాఫ్ట్ ఎమర్జెన్సీ కిట్ దింపుకోవడానికి వందల ఎంబీలు పడుతుంది. కానీ ఒక్క ఫోల్డర్‌లో ఉంటుంది, ఇంటి వాడకానికి ఉచితం, అప్‌డేట్ చేసుకుంటూ ఎన్నిసార్లైనా నడుపుకోవచ్చు. బ్రాడ్‌బ్యాండ్ ఉన్న ఇంటికి ఇది మంచి ఎంపిక. హిట్‌మ్యాన్‌ప్రో చాలా చిన్నది, పదిహేను ఎంబీ దాటదు. పట్టిక మోసుకురాకుండా అనుమానం ఉన్నవాటిని కంపెనీ సర్వర్లనే అడుగుతుంది, నిమిషాల్లో ముగిస్తుంది. దొరికినవాటిని ఉచితంగా తీసేయడం మాత్రం 30 రోజుల ట్రయల్ వరకే. మాల్‌వేర్‌బైట్స్ పేరు చాలామందికి తెలుసు. అవసరం లేని టూల్‌బార్లు, ప్రకటనల ప్రోగ్రామ్‌లు పట్టడంలో దానికి మంచి పేరుంది. అయితే ఇది ఇన్‌స్టాల్ అయ్యే రకం. మొదట ప్రీమియం ట్రయల్ అంటుంది, ఆ ట్రయల్‌లో కాపలా కూడా ఉంటుంది. మీకు స్కాన్ ఒక్కటే కావాలి కనుక ట్రయల్ వద్దనండి. ప్రకటనల బెడద మాత్రమే అయితే అదే కంపెనీ ఇచ్చే యాడ్‌డబ్ల్యుక్లీనర్ ఇన్‌స్టాల్ లేకుండా నడుస్తుంది.

మన దేశంలోనే ఒక ప్రభుత్వ ఏర్పాటు ఉంది. కేంద్ర ఐటీ శాఖ కింద సెర్ట్-ఇన్ నడిపే సైబర్ స్వచ్ఛతా కేంద్రం 2017 ఫిబ్రవరిలో మొదలైంది. పుణె క్విక్ హీల్, ముంబై ఈస్కాన్, చెన్నై కే7 లాంటి కంపెనీలతో కలిసి బాట్‌లను (దూరం నుంచి ఎవరో నడిపించే వైరస్‌లను) తొలగించే ఉచిత ఉపకరణాలు ఇస్తుంది. వేరే యాంటీవైరస్ ఉన్నా ఒకసారి నడిపి చూసుకోవచ్చు. ఈ కేంద్రం సంగతి ఇంకా ఎక్కువమందికి తెలియాల్సింది.

నన్ను ఒక్కటే చెప్పమంటే, నాలుగు జీబీ పాత మెషిన్‌కి డిఫెండర్ కాపలా ఉంచి, నెలకోసారో అనుమానం వచ్చినప్పుడో ఈసెట్ ఆన్‌లైన్ స్కానర్ నడపమంటాను. నాలుగైదు స్కానర్లు పోగేసుకోవడం వల్ల భద్రత పెరగదు, తప్పుడు హెచ్చరికలు పెరుగుతాయి.

దింపుకునేటప్పుడు ఏం చూడాలి?

గూగుల్‌లో స్కానర్ పేరు కొడితే పైన వచ్చేవి చాలాసార్లు ప్రకటనలు. వాటి వెనక నకిలీ సైట్లు ఉండవచ్చు. కంపెనీ సొంత సైట్ నుంచే దింపుకోండి. దిగిన ఫైలు మీద రైట్ క్లిక్ చేసి ప్రాపర్టీస్‌లో డిజిటల్ సిగ్నేచర్స్ అనే చోట చూస్తే ఎవరు సంతకం చేశారో కనిపిస్తుంది. ఆ కంపెనీ పేరు లేకపోతే, అసలు ఆ ట్యాబే లేకపోతే ఆ ఫైలు తీసేయండి. పెయిడ్ యాంటీవైరస్‌ని క్రాక్ చేసి ఊరికే ఇస్తామనే చోటికి మాత్రం ఎప్పుడూ వెళ్లవద్దు.

స్కాన్ ఏ వరుసలో చేయాలి?

ముందు విండోస్ సెక్యూరిటీ తెరిచి డిఫెండర్‌ని అప్‌డేట్ చేయండి. క్విక్ స్కాన్ నడపండి. అది ర్యామ్, స్టార్టప్, వైరస్‌లు దాక్కునే మామూలు చోట్లు చూస్తుంది, నిమిషాల్లో అయిపోతుంది. అనుమానం తీరకపోతే అక్కడే ఉన్న ఆఫ్‌లైన్ స్కాన్ ఎంచుకోండి. దీని గురించి నొక్కి చెప్పాలి. విండోస్ నడుస్తున్నప్పుడు లోపల ఉన్న వైరస్ తనను తాను దాచుకోగలదు. ఆఫ్‌లైన్ స్కాన్ కంప్యూటర్‌ని రీస్టార్ట్ చేసి, విండోస్ పూర్తిగా లేవకముందే వెతుకుతుంది. దాదాపు పావుగంట పడుతుంది, పాత డిస్క్ అయితే ఇంకొంచెం. తెరిచిన ఫైళ్లు ముందే సేవ్ చేసుకోండి. మధ్యలో కరెంటు పోయే ప్రమాదం ఉంటే యూపీఎస్ లేకుండా మొదలుపెట్టవద్దు. దాని తర్వాతే వేరే కంపెనీ స్కానర్.

పెన్‌డ్రైవ్‌లో ఫోల్డర్లు షార్ట్‌కట్లు ఎందుకు అవుతాయి? ఎలా వదిలించుకోవాలి?

ఇది మొదట చెప్పుకున్న సమస్యలో అసలు భాగం కాబట్టి కొంచెం నిదానంగా చూద్దాం. ఒకప్పుడు పెన్‌డ్రైవ్ పెట్టగానే అందులోని ప్రోగ్రామ్ తనంతట తాను నడిచేది, ఆటోరన్ అనేవారు. 2008లో వచ్చిన కాన్‌ఫికర్ లాంటివి ఆ దారిన కూడా పాకాయి. విండోస్ 7లో మైక్రోసాఫ్ట్ పెన్‌డ్రైవ్‌లకు ఆ దారి మూసింది. 2011 ఫిబ్రవరిలో ఎక్స్‌పీ, విస్టాలకు కూడా అప్‌డేట్ ఇచ్చి మూసింది. తలుపు తనంతట తాను తెరుచుకోకపోతే మనిషి చేతే తెరిపించాలి. అందుకే షార్ట్‌కట్ ఎత్తు పుట్టింది.

ఈ పురుగు మీ అసలు ఫోల్డర్లకు ‘హిడెన్’, ‘సిస్టమ్’ అనే గుర్తులు తగిలించి కనపడకుండా చేస్తుంది. వాటి పేర్లతోనే షార్ట్‌కట్లు పెడుతుంది. బొమ్మ కూడా ఫోల్డర్ బొమ్మే. మీరు డబుల్ క్లిక్ చేస్తే ముందు దాక్కున్న స్క్రిప్ట్ నడుస్తుంది, ఆ వెంటనే అసలు ఫోల్డర్ తెరుచుకుంటుంది. ఫైళ్లు కనిపించాయి కాబట్టి మీకు అనుమానం రాదు. ఈలోగా అది మీ కంప్యూటర్‌లో స్థిరపడి, తర్వాత పెట్టే ప్రతి పెన్‌డ్రైవ్‌కీ అంటుకుంటుంది. మీ ఫైళ్లు మాత్రం పోలేదు, దాచి ఉన్నాయంతే. కంగారుపడి ఫార్మాట్ కొట్టవద్దు.

పెన్‌డ్రైవ్ పెట్టాక దేని మీదా డబుల్ క్లిక్ చేయకుండా, డ్రైవ్ పేరు మీద రైట్ క్లిక్ చేసి డిఫెండర్‌తో స్కాన్ చేయమనండి. చాలామందికి తెలియని సంగతి ఒకటుంది: డిఫెండర్ ఫుల్ స్కాన్ నడిపినా పెన్‌డ్రైవ్‌లను మామూలుగా చూడదు. రైట్ క్లిక్ చేసి విడిగా చెప్పాల్సిందే. స్కాన్ అయ్యాక ఫోల్డర్ ఆప్షన్స్‌లో దాచిన ఫైళ్లు చూపించమని, రక్షిత సిస్టమ్ ఫైళ్లు దాచవద్దని, ఫైళ్ల తోక పేర్లు (ఎక్స్‌టెన్షన్లు) చూపించమని పెట్టండి. మసకగా అసలు ఫోల్డర్లు కనిపిస్తాయి. అందులోని పత్రాలు, ఫొటోలు మాత్రమే కంప్యూటర్‌లోకి కాపీ చేసుకుని, ఆ తర్వాత పెన్‌డ్రైవ్ ఫార్మాట్ చేయండి. కంప్యూటర్‌ని శుభ్రం చేయకుండా పెన్‌డ్రైవ్ ఒక్కటి శుభ్రం చేస్తే మళ్లీ పెట్టగానే మళ్లీ అంటుకుంటుంది. రెండూ కలిపి చేయాలి. సిస్టమ్ ఫైళ్లు దాచే అమరికను మాత్రం పని అయ్యాక యథాస్థితికి మార్చండి.

ప్రింటుకి అసలు పెన్‌డ్రైవ్ తీసుకెళ్లకుండా పీడీఎఫ్ చేసి ఈమెయిల్‌లోనో వాట్సాప్‌లోనో పంపితే ఈ గొడవంతా తప్పుతుంది. ఆధార్, పాస్‌బుక్ లాంటివైతే ప్రింటు అయ్యాక అక్కడి కంప్యూటర్‌లో తీసేయించండి. జిరాక్స్ సెంటర్ నడిపేవాళ్లకూ ఒక మనవి. క్రాక్ చేసిన పేజ్‌మేకర్ కోసమో, ఫాంట్ల ప్యాకేజీ కోసమో డిఫెండర్‌ని ఆపి ఉంచితే ఊరంతటి పెన్‌డ్రైవ్‌లకు మీ మెషిన్ నుంచే అంటుతుంది.

స్కాన్‌లో ఏవేవో పేర్లు వచ్చాయి. అన్నీ వైరస్‌లేనా?

కాదు. పీయూపీ, పీయూఏ అని ఉంటే అక్కర్లేని ప్రోగ్రామ్ అని అర్థం, హాని తక్కువ, తీసేయడమే మంచిది. హ్యాక్‌టూల్, ఆటోకేఎంఎస్ అని వస్తే ఆ విండోస్‌నో ఆఫీస్‌నో ఎవరో క్రాక్ చేసి ఇచ్చారని తెలుసుకోండి. కేఎంఎస్ క్రాక్‌ల పేరుతో పాస్‌వర్డ్ దొంగలు తిరగడం నిరూపితమైన విషయం. డిఫెండర్ చెప్పిన పేరు చివర ‘ఎంఎల్’ అని ఉంటే అది కంప్యూటర్ నేర్చుకున్న అంచనా. తప్పయ్యే అవకాశం ఇందులో కొంచెం ఎక్కువ. ఏది వచ్చినా డిలీట్ కన్నా క్వారంటీన్ మేలు, పొరపాటైతే వెనక్కి తెచ్చుకోవచ్చు.

అనుమానం ఉంటే ఆ ఫైలును వైరస్‌టోటల్‌కి ఇవ్వండి. 2004లో స్పెయిన్‌లో పుట్టిన ఈ సేవను 2012లో గూగుల్ కొనుక్కుంది. డెబ్బైకి అటూ ఇటూగా స్కానర్లు ఒకేసారి చూస్తాయి. ఒకటి రెండే చెడ్డదంటే తప్పుడు హెచ్చరిక కావచ్చు, ముప్పై స్కానర్లు చెడ్డదంటే సందేహం లేదు. ఒక్క జాగ్రత్త: అక్కడ పెట్టిన ఫైలు భద్రతా కంపెనీల చేతికి వెళ్తుంది. ప్రోగ్రామ్‌లు పెట్టండి, మీ ఆధార్, బ్యాంకు కాగితాలు పెట్టకండి.

స్కానర్‌కి పాస్‌వర్డ్ దొంగ దొరికితే శుభ్రం చేయడంతో పని అయిపోదు. వేరే ఫోన్ నుంచి ముందు ఈమెయిల్, తర్వాత బ్యాంకు పాస్‌వర్డ్‌లు మార్చండి, అన్ని చోట్లా లాగౌట్ చేయండి. డబ్బు పోయి ఉంటే వెంటనే సైబర్ నేరాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి, ఆలస్యమయ్యేకొద్దీ ఆ డబ్బు చేతులు మారిపోతుంది.

ఏమీ దొరకలేదు, అయినా కంప్యూటర్ నెమ్మదిగానే ఉంది. ఎందుకు?

నెమ్మదికి వైరస్ ఒక్కటే కారణం కాదు. ఖమ్మం జిల్లా ఎండలకు గది వేడెక్కుతుంది. జేవీఆర్ ఓపెన్‌కాస్ట్ బొగ్గు గని ఉన్న ఊళ్లో దుమ్ము సంగతి చెప్పనక్కర్లేదు. ప్రాసెసర్ ఫ్యాన్ రెక్కల మధ్య ధూళి పేరుకుంటే వేడి బయటికి పోదు. ప్రాసెసర్ తనను కాపాడుకోవడానికి వేగం తగ్గించుకుంటుంది. కంప్యూటర్ ఆపి, ప్లగ్ తీసి, క్యాబినెట్ విప్పించి మెత్తటి బ్రష్‌తో దులిపిస్తే కొన్ని మెషిన్లు వెంటనే తేరుకుంటాయి.

తెర మూలన వచ్చి ‘మీ కంప్యూటర్‌లో వైరస్‌లున్నాయి’ అని బెదిరించే డబ్బాలు కూడా చాలాసార్లు వైరస్ కావు. ఏదో సైట్ అడిగితే ‘అలౌ’ నొక్కిన నోటిఫికేషన్లు. ఇవి మామూలుగా స్కానర్లకు చిక్కవు. క్రోమ్ సెట్టింగ్స్‌లో నోటిఫికేషన్ల జాబితా తెరిచి తెలియని సైట్లను తీసేస్తే ఆగిపోతాయి. ఆ డబ్బాలో ఇచ్చిన ఫోన్ నంబరుకు మాత్రం చేయవద్దు.

విండోస్ పాతదైతే స్కానర్ కాపాడుతుందా?

కొంతవరకే. విండోస్ 7కి మైక్రోసాఫ్ట్ మద్దతు 2020 జనవరి 14న, విండోస్ 10కి 2025 అక్టోబర్ 14న ముగిసింది. ఇళ్లవాళ్లు నమోదు చేసుకుంటే విండోస్ 10కి 2026 అక్టోబర్ దాకా భద్రతా అప్‌డేట్లు వచ్చే ఏర్పాటు ఉంది. డిఫెండర్ పట్టికలు అంతకన్నా ఎక్కువ కాలం వస్తాయి, కానీ పట్టిక వేరు, విండోస్‌లోని కన్నం పూడ్చడం వేరు. 2017 మేలో వనాక్రై అనే రాన్సమ్‌వేర్ దేశదేశాల కంప్యూటర్లకు తాళం వేసినప్పుడు ఆంధ్రప్రదేశ్ పోలీసు శాఖ కంప్యూటర్లు కూడా చిక్కుకున్నాయి. అది దూరిన కన్నాన్ని పూడ్చే అప్‌డేట్ అప్పటికి రెండు నెలల ముందు, మార్చిలోనే వచ్చి ఉంది. అప్‌డేట్ వేసుకున్న మెషిన్లలోకి ఆ దారిన అది దూరలేకపోయింది.

రెండు కంపెనీల స్కానర్లు, ఆఫ్‌లైన్ స్కాన్ అన్నీ అయ్యాక కూడా డిఫెండర్ తనంతట ఆగిపోతుంటే, తీసేసిన ఫైలు మళ్లీ మళ్లీ పుడుతుంటే ఇంక వెతకడం ఆపేయాలి. పత్రాలు, ఫొటోలు విడిగా దాచుకుని విండోస్ కొత్తగా వేసుకోవాలి. దానికి మైక్రోసాఫ్ట్ ఇచ్చే మీడియా క్రియేషన్ టూల్, కనీసం 8 జీబీ ఖాళీ పెన్‌డ్రైవ్ కావాలి. ఆ పెన్‌డ్రైవ్‌ని జబ్బుపడ్డ కంప్యూటర్‌లో కాకుండా, బాగున్న మరో కంప్యూటర్‌లో తయారు చేసుకోండి. బంధువుల ఇంట్లోనో, కాలేజీలోనో అలాంటిది ఒకటి దొరుకుతుంది.